పదిహేడో నంబరు

ముత్తన్నను పోలీసులు పట్టుకుపోయింది పట్టపగలు, మా పదకొండు మంది కళ్ల ముందే. ఆ పదకొండు మందిలో ఒక్కడు నోరు తెరిచి ఉంటే ఆయన చేతులకు బేడీలు పడేవి కావు. ఆ ఒక్కణ్ణి నేనే. నా పేరు బాలసుబ్బయ్య, మాది రాయచోటి పక్కన పల్లె. గొప్ప చెప్పుకోవడానికి ఇది చెప్పడం లేదు. కూలి పని చేసుకునేవాళ్లూ, చదువుకునే పిల్లలూ వింటారని చెబుతున్నాను. విన్నాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను.

జూన్ నెల. కువైట్‌లో షుఐబా దగ్గర పెద్ద పెద్ద పైపులు అతికే రేకుల షెడ్డు మాది. ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం ఉంది కానీ, రేకుల కింద ఉడికిపోయేవాళ్ల గురించి ఆ చట్టానికి తెలియదు. పదకొండు గంటలప్పుడు రెండు జీపులొచ్చాయి. ఆఫీసరు చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో జానెడు పొడవున్న సన్నటి ఇనుప పెట్టె. దాని అడుగున గీకిన అంకె చూపించి, ఇది ఎవరి నంబరని అడిగాడు. ముదీర్, అంటే మా మేనేజరు, హాజరు పుస్తకం తిప్పి వేలు పెట్టి చూపించాడు. పదిహేడు, ముత్తన్న.

మా ఫోర్‌మన్ అబ్దుల్ ఖుద్దూస్ నిజామాబాద్ మనిషి. అరబ్బీ బాగా వచ్చు. ఆయనే మధ్యలో నిలబడి అడిగాడు.

"ముత్తన్నా, ఈ నంబర్ నీదేనా అని అడుగుతుండ్రు."

ముత్తన్న ఆ సంచి వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఎంతోసేపు కాదు, ఒక్క రెప్పపాటు.

"నాదే సార్" అన్నాడు.

ముదీర్ వెంటనే అందుకున్నాడు. కంపెనీకి ఏమీ తెలియదట, వీడే పని అయ్యాక దొంగచాటుగా చేసుకున్నాడట. ఆ మాటలు మాకు ఎవరూ తెలుగులో చెప్పలేదు. ఏళ్ల తరబడి తిట్లు తిన్న భాష కదా, మాకే అర్థమైంది. బేడీలు వేస్తుంటే ముత్తన్న కుడిచేయి వణికింది. చూడు ఎలా భయపడుతున్నాడో అన్నట్టు ఒక పోలీసు నవ్వాడు. అది భయం కాదని మా పదకొండు మందికీ తెలుసు.

ఆ వణుకు సంగతి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు.

పైపుల పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఏ అతుకు ఎవడు వేశాడో తెలియాలి. రేపు అది పగిలితే వాడి మెడ పట్టుకోవాలి. అందుకని ప్రతి వెల్డరుకూ ఒక నంబరిస్తారు, అతుకు వేసిన ప్రతిచోటా పక్కనే ఇనుప మొనతో ఆ నంబరు గీకాలి. ముత్తన్న మాలో పెద్దవాడు, జగిత్యాల జిల్లా. ముప్పై ఏళ్లుగా గల్ఫ్ పొగ మింగినవాడు. నేను దిగిన మొదటి చలికాలం తన దుప్పటి నాకు కప్పి తాను చొక్కా మీద చొక్కా వేసుకుని పడుకున్నాడు. రెండేళ్ల కిందట ఆయన కుడిచేయి వణకడం మొదలుపెట్టింది. సిగరెట్ ముట్టించుకోవడానికి కూడా పక్కవాణ్ణి పిలిచేవాడు. వెల్డరుకు చేయి వణికితే ఇక ఇంటికే. ఇంటికి పోతే ఆయన బతుకు లేదు, భార్య వెంకటవ్వ మందుల మీద ఉంది.

అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరూ మీటింగ్ పెట్టి తీర్మానం చేసింది కాదు, అలా అలవాటైపోయింది. రోజుకొకరి వంతు. వంతు వచ్చినవాడు తన పని ముగించుకుని ముత్తన్న వాటా కూడా అతికి, పక్కన పదిహేడు అని గీకేవాడు. ముత్తన్న హెల్మెట్ పెట్టుకుని పక్కనే కూర్చుని, పని చేస్తున్నట్టే ఉండేవాడు. ఆ షెడ్డులో అందరికన్నా ఎక్కువ అతుకులు పదిహేడో నంబరువే అని ఖుద్దూస్ మెచ్చుకుంటుంటే మేము లోపల్లోపల నవ్వుకునేవాళ్లం. మంచి చేస్తున్నామనుకున్నాం. మా మంచితనమే ఆయన మెడకు ఉరితాడవుతుందని అప్పుడు తెలియదు.

పోలీసులు రావడానికి పది రోజుల ముందు ముదీర్ కారులో నుంచి ఒక అట్టపెట్టె దిగింది. అందులో సన్నటి ఇనుప డబ్బీలు, కొంచెం వంపు తిరిగి ఉన్నాయి. రెండేసి అతికి పొడుగు చేయాలన్నారు. ఎడారిలో డేగల వేటకు పోయేవాళ్ల లైట్లకు బ్యాటరీ పెట్టెలట. పైపుల మీద చేయి తిరిగినవాళ్లకు అంత పల్చటి రేకు లొంగదు, మంట తగలగానే కాలి చిల్లు పడుతుంది. నేను రాయచోటిలో బీరువాల షాపులో పని నేర్చినవాణ్ణి. పల్చటి రేకు పని అంటే నాకే ఇస్తారు.

"ఓ బీరువాల మేస్త్రీ, నీ అత్తగారి సామాను వచ్చినట్టుంది" అన్నాడు బాలకిషన్. వాడిది నిజామాబాద్ పక్క పల్లె. నవ్వించడమూ, కొట్లాడడమూ రెండూ వచ్చు.

నేను కూడా నవ్వాను. వంచిన తల ఎత్తకుండా పని చేశాను. అతుకు సన్నటి దారంలా వచ్చింది, నాకే ముచ్చటేసింది. ఆ రోజు ముత్తన్న వంతు నాది. సాయంత్రానికి నలభై అయ్యాయి. నలభయ్యింటి అడుగునా ఇనుప మొన తీసుకుని వరసగా పదిహేడు, పదిహేడు, పదిహేడు అని గీకేశాను. చేయి దానంతటదే గీకింది. ఇది లెక్కలోకి వచ్చే పని కాదు కదా, దీనికి నంబరెందుకు అన్న ఆలోచన నా బుర్రలోకి రాలేదు.

మరుసటి రోజు ముత్తన్న వాటిల్లో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ముఖం నల్లబడింది.

"సుబ్బయ్యా, ఇదేందో ఎర్కేనా నీకు?"

"బ్యాటరీ పెట్టెంట గదన్నా."

"బ్యాటరీ గాదు, ఏం గాదు. నేను చిన్నగున్నప్పుడు మా ఊరికి పోలీసోల్ల క్యాంపు వడ్డది. బడి అరుగు మీద గూసొని తుపాకులు తుడుసుకునేటోల్లు. అండ్లకెల్లి గీ పెట్టెలు ఊడవీకి, తూటాలు ఎక్కిచ్చి, మల్ల తొడిగేటోల్లు. మా మేనమామను పట్టుకపోయినంక కూడా ఆడ్నే గూసొని తుడుసుకున్నరు. గీ వంపు నేను మర్సిపోత అనుకున్నవా?"

మేము అతికింది తుపాకీలో తూటాలు పట్టే పెట్టెలు. రెండు కలిపితే తూటాలు ఎక్కువ పడతాయి. ఎవరి మీదకో, ఎవరి పిల్లల మీదకో తెలియదు.

"బంద్ వెట్టుండ్రి" అన్నాడు ముత్తన్న. తన హెల్మెట్ తీసి నేల మీద బోర్లా పెట్టాడు. తర్వాత బాలకిషన్ పెట్టాడు. తర్వాత నేను. ఒక్కొక్కరుగా పన్నెండు హెల్మెట్లు నేల మీదికి చేరాయి.

ముదీర్ వచ్చి ఎగిరాడు. పాస్‌పోర్టులన్నీ తన బీరువాలోనే ఉన్నాయని గుర్తు చేశాడు. యల్లా, యల్లా, కదలండి అని హెల్మెట్లను తన్నాడు. పని చేయకపోతే పారిపోయారని కేసు పెడతానన్నాడు. ఖుద్దూస్ అది తెలుగులో చెబుతూ నేల చూపులు చూశాడు.

"ఏం పనో చెప్పమను. చెప్తే చేస్తం. చెప్పకపోతే చెయ్యం" అన్నాడు ముత్తన్న.

ముదీర్ చెప్పలేదు. అట్టపెట్టె ఎత్తుకుపోయాడు. మిగిలిన డబ్బీలతో పాటు నా నలభై కూడా వెళ్లిపోయాయి. మేము గెలిచామనుకుని ఆ సాయంత్రం టీ తాగాం. పది రోజులు తిరగకముందే ఎడారిలో ఏదో బండిలో అవి దొరికాయి. తర్వాత మీకు చెప్పిందే.

ముత్తన్నను తీసుకుపోయిన సాయంత్రం అబూ హలీఫాలోని మా రూములో పదకొండు మందిమి కూర్చున్నాం. ఎవరూ పొయ్యి వెలిగించలేదు. ముత్తన్న మంచం మీద ఆయన ఫోన్ మోగుతూ ఉంది. వెంకటవ్వ. మూడోసారి మోగి ఆగాక గొంతు రికార్డు చేసి పంపింది. బాలకిషన్ వినిపించాడు.

"ఏమయ్యా, ఫోన్ ఎత్తవేంది? కండ్లల్ల మందు ఏపిచ్చుకున్న. మంచిగనే కనవడుతుంది. నీ చెయ్యి ఎట్లున్నది? తమ్ములు పని చేస్తుండ్రా నీది? వాల్లకు దండాలు చెప్పు."

మేము దండాలు పెట్టించుకోవాల్సిన మనుషులం కాదు. నేను గోడ వైపు తిరిగాను.

"పొద్దుగాల పోయి చెప్దాం" అన్నాడు బాలకిషన్. "ఆయనకు చెయ్యి వనుకుతది, అసొంటి పని ఆయనతోని గాదు అని చెప్దాం."

"చెప్తే ఉద్యోగం పోతుంది కదప్పా" అన్నారొకరు.

"ఉద్యోగమా? మనిషే పోయిండు! ఇంక ఉద్యోగమేందిరా?"

"మరి చేసిందెవరని అడుగుతారు. సుబ్బయ్య పేరు చెప్తామా?"

అందరూ నా వైపు చూశారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, మా అమ్మ దగ్గర పెరుగుతున్నారు. నా భార్య వెంకటేశ్వరి కువైట్‌లోనే సల్వాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఆయుధాల కేసంటే ఎన్నేళ్లో ఎవరికి తెలుసు. ముత్తన్న ఆ రెప్పపాటు చూపులో నాకు చెప్పింది కూడా అదే. నువ్వు గమ్మునుండు, నేను ముసలోణ్ణి అన్నాడు. నేను ఆయన మాట విన్నట్టు నటించి నా ప్రాణం కాపాడుకున్నాను. ఆ సాయంత్రం నేను మాట్లాడలేదు. మిత్రులారా, పిరికితనానికి నోరుండదు, అది ఊరికే కూర్చుంటుంది. నేను అలా మూడు రోజులు కూర్చున్నాను.

శుక్రవారం వెంకటేశ్వరికి మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, రెండు గంటలు సెలవిచ్చింది. అబూ హలీఫా సముద్రం గట్టున కలిశాం. ఆమె మామూలుగా ఇంట్లో మిగిలిన అన్నమో, రొట్టెలో డబ్బాలో పెట్టి తెస్తుంది. తెచ్చింది. నేను తినకుండా జరిగినదంతా చెప్పాను. ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

"గీకింది నువ్వా?"

"అవును."

"అతికింది నువ్వా?"

"అవును మే."

"మరి జైల్లో ఆయప్ప యేం జేస్తాండాడు?"

"పిల్లోల్లున్నారు గదా అని..."

"పిల్లోల్లను అడ్డం పెట్టుకోవాకు! ఆ పిల్లోల్లకు రేపు నాన్న యేం జేసినాడని చెప్పల్ల నేను? ఇంకోని మీద నేరం దోసి కూడు తెచ్చినాడనా? నేను పని జేస్తాండా, నేను సాకుతా వాల్లను. నువ్వు బొయ్యి చెప్పు." అలా అంటూనే కళ్లు తుడుచుకుంది. ఆమెకు ధైర్యం ఉందని కాదు. భయంతోనే చెప్పింది. భయపడుతూ చెప్పిన మాట కాబట్టే నాకు తగిలింది.

రూముకు వచ్చి చెప్పాను, రేపు స్టేషనుకు పోతానని. బాలకిషన్ లేచి నిలబడ్డాడు.

"నువ్వొక్కనివి పోతే నిన్నొక్కన్నే తొక్కుతరు. ముదీర్ మల్లా బయట్నే ఉంటడు. పని చేసింది నువ్వు, నిజమే. డబ్బీలు ఎత్తిచ్చింది నేను. రుద్ది నునుపు చేసింది ఈల్లు. రెండేండ్ల సంది పదిహేడు అని గీకుతున్నది అందరం. చేసినోల్లం మేము, చేయించినోడు ముదీర్. గా మాట అందరం ఒక్కసారే చెప్పాలె."

వాదించుకున్నాం. ఒకడు ఏడ్చాడు, చెల్లెలి చదువు మధ్యలో ఉందని. ఒకడు తిట్టాడు. చివరికి ఎవరూ కాదనలేదు. శనివారం డ్యూటీ దిగగానే పోదామనుకున్నాం.

మేము పోకముందే వాళ్లే వచ్చారు. శనివారం పొద్దున జీపులు మళ్లీ షెడ్డు ముందు ఆగాయి. నేరం ఎలా చేశావో చేసి చూపించమని ముత్తన్నను తెచ్చారు. నాలుగు రోజులకే చొక్కా వదులైపోయింది. దగ్గు ఆగడం లేదు. ఆయన ముందు పల్చటి రేకు ముక్కలు కొన్ని పెట్టి, బేడీలు తీసి, చేతికి వెల్డింగ్ టార్చి ఇచ్చారు. పోలీసులు, ముదీర్, ఖుద్దూస్, మేము చుట్టూ నిలబడ్డాం.

ముత్తన్న హెల్మెట్ దించుకున్నాడు. మంట తగిలింది. చిల్లు. ఇంకో చోట పెట్టాడు. చిల్లు. ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని మళ్లీ పెట్టాడు. ఈసారి పెద్ద చిల్లు. రేకు సగం కరిగి కింద పడింది. పదిహేడో నంబరంటే షుఐబాలో పేరున్న నంబరు. ఆ పేరున్న చేయి అందరి ముందూ గజగజా వణుకుతుంటే మేము చూడలేకపోయాం. హెల్మెట్ లోపల ఆయన ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది.

"నటిస్తున్నాడు" అన్నాడు ముదీర్.

నేను ముందుకు నడిచాను. పోలీసు అడ్డం వచ్చాడు. ముత్తన్న చేతిలో నుంచి టార్చి తీసుకున్నాను.

"సుబ్బయ్యా, పోరా! పో ఎనుకకు!" అన్నాడు ముత్తన్న.

నేను వినలేదు. మిగిలిన రేకు ముక్కలు దగ్గర పెట్టి అతికాను. చిల్లు పడలేదు. సన్నటి దారంలా వచ్చింది, సంచిలో పెట్టె మీద ఉన్నట్టే. ఆఫీసరు సంచి తెచ్చి పక్కన పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"చేసింది నేను సార్" అన్నాను. "అవేందో తెలీక చేసినా. తెలిసినాక మానేసినాం. మానమని చెప్పిందే ఈయప్ప."

"నేను ఎత్తిచ్చిన" అన్నాడు బాలకిషన్, ముందుకు వచ్చి. "నేను రుద్దినా" అన్నాడు ఇంకొకడు. "ఆయన నంబరు రెండేండ్లుగా నేనూ గీకుతున్న" అన్నాడు చెల్లెలి చదువు కోసం ఏడ్చినవాడు. పదకొండు మందిమీ ఆయన చుట్టూ నిలబడ్డాం. పదకొండు చేతులు ముదీర్ వైపు చూపించాయి.

ఆఫీసరు ఖుద్దూస్ వైపు తిరిగాడు, వీళ్లేమంటున్నారని. ముదీర్ కూడా ఖుద్దూస్ వైపే చూశాడు. ఇరవై ఏళ్లుగా ఆ మనిషి ముదీర్‌కు నోరు. మమ్మల్ని తిట్టిన ప్రతి తిట్టూ ఆయన నోటి మీదుగానే మాకు చేరింది. నుదుటి చెమట తుడుచుకున్నాడు. తర్వాత అరబ్బీలో నెమ్మదిగా, ఒక్కొక్కరినీ చూపిస్తూ, మేము అన్నది అన్నట్టుగా చెప్పాడు. చెప్పడం అయ్యాక తన గుండె మీద చేయి పెట్టుకుని ఇంకో మాట చెప్పాడు. అది మాకూ అర్థమైంది. ఆ అట్టపెట్టెను ముదీర్ కారులో నుంచి దింపింది నేనే అన్నాడు.

అందరినీ వ్యాను ఎక్కించారు. ముదీర్ తన కారులో వెనకాల వచ్చాడు. వ్యానులో ముత్తన్న నా పక్కన కూర్చున్నాడు. నా మీద కోపంగా ఉన్నాడు.

"నా చెయ్యి సంగతి అందరికీ ఎరుక చేస్తిరి గదరా" అన్నాడు. "ముప్పై ఏండ్లు మంచి పనోడు అన్నరు. ఇయ్యాల గా పోరగాండ్లు నవ్విండ్రు."

"నవ్వలేదన్నా, ఎవరూ నవ్వలేదు."

"మొన్న నవ్విండ్రు."

ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకున్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నా లోపల అది వణుకుతూనే ఉంది. కొంతసేపటికి ఆయన తల నా భుజం మీద వాలింది.

మమ్మల్ని వేరే వేరే చోట్ల పెట్టారు. దగ్గు ఎక్కువై ముత్తన్నను ఆసుపత్రికి మార్చారని విన్నాం. ఆయన తప్పు లేదని కాగితం వచ్చింది, నిజంగానే వచ్చింది. అది వచ్చేసరికి ఆయన పోయి మూడు రోజులు. ముప్పై ఏళ్ల పొగ ఒక్కసారిగా లెక్క అడిగింది. ఆ కబురు తెలిసిన రోజు ఎక్కడివాళ్లం అక్కడే అన్నం పళ్లేలు ముట్టలేదు. ముదీర్ కేసు ఏమైందో మాకు చెప్పినవాళ్లు లేరు. ఖుద్దూస్‌తో సహా పన్నెండు మందినీ వేలిముద్రలు తీసుకుని, ఇక ఈ దేశం ముఖం చూడొద్దని విమానం ఎక్కించారు. వెంకటేశ్వరి ఇంకా సల్వాలోనే ఉంది. చెప్పినట్టే పిల్లలను సాకుతోంది. నేను మళ్లీ రాయచోటిలో బీరువాలు అతుకుతున్నాను.

మొన్న బాలకిషన్ ఫోన్‌కు ఎవరో షుఐబా నుంచి ఒక ఫోటో పంపారు. వాడు నాకు పంపాడు. ఆ షెడ్డు పేరు మార్చి మళ్లీ తెరిచారట. నేపాలీలు, తమిళులు, బీహార్ వాళ్లు కొత్తగా వచ్చారు. ఒక రోజు లెక్కలో లేని పని ఏదో అట్టపెట్టెలో దిగిందట. ఏం పనో చెప్పమన్నారు, చెప్పలేదు. షెడ్డు ముందరి టీ కొట్టువాడు మా సంగతి వాళ్లకు ముందే చెప్పి ఉన్నాడు. ఫోటోలో నేల మీద హెల్మెట్లు వరసగా బోర్లా పెట్టి ఉన్నాయి. ఇరవైకి పైనే. ప్రతి దాని మీదా ఇనుప మొనతో గీకి ఉంది, పదిహేడు.

వెంకటవ్వకు కూడా పంపమని బాలకిషన్‌కు చెప్పాను. నేనే ఫోన్ చేసి ఆ హెల్మెట్ల సంగతి చెప్పాను. ఆమె ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసిందట, చూసి నన్నే అడిగింది.

"సుబ్బయ్యా, గిండ్ల మీ అన్నది ఏ టోపీ?"



"అన్నీ ఆయనవే వదినా."